లెక్కలాయన బొమ్మ

"నాకు లెక్కలు రావండీ."

ఈ మాట నేను ఇంతవరకూ ఎన్నిసార్లు అనివుంటానో లెక్కపెట్టలేదు. పెట్టినా తప్పే వచ్చేది. కిరాణా కొట్లో అన్నాను, బ్యాంకులో అన్నాను, సభల్లో మైకు ముందు నిలబడి మరీ అన్నాను. అన్నప్పుడల్లా ఎదుటివాళ్ళు నవ్వేవారు, నేనూ నవ్వేదాన్ని. "రచయిత్రులు, మీకు లెక్కలతో ఏం పని లెండి" అని వాళ్ళే సర్దిచెప్పేవారు. "నాకు చదవడం రాదండీ" అని ఇంత ధీమాగా ఎవరైనా చెప్పుకుంటారా? చెప్పుకోరు, సిగ్గుపడతారు. లెక్కలు రాకపోవడం మాత్రం మనలో వొక అలంకారం, చెవికి దిద్దుల్లాగా.

ఆ దిద్దులు నేను పోయిన డిసెంబరులో తీసి పెట్టెలో పెట్టాల్సివచ్చింది. ఆ సంగతే మీతో చెప్పాలని.

మేముండేది నాచారంలో. మా ఇంటికి దగ్గర్లోనే వున్న వొక స్కూలువారు డిసెంబరు 22న ముఖ్య అతిథిగా రమ్మని కబురు చేశారు. ఆ రోజు శ్రీనివాస రామానుజన్ పుట్టినరోజు. 2012 నుంచి దాన్ని జాతీయ గణిత దినోత్సవంగా దేశమంతా జరుపుకుంటున్నారు. "నాకు లెక్కలు రావండీ" అన్నాను, అలవాటు ప్రకారం. "పరవాలేదు మేడమ్, మీరు లెక్కలేం చెయ్యనక్కర్లేదు. పిల్లలకి బొమ్మల పోటీ పెడుతున్నాం, జడ్జీగా వుంటే చాలు" అన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు. బొమ్మలంటే సరే అన్నాను.

పోటీ విషయం: గణితశాస్త్రజ్ఞుడి బొమ్మ గియ్యండి.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు. నలభై పైచిలుకు కాయితాలు నా ముందు పేర్చారు. వొక్కొక్కటీ తిప్పుతుంటే నాకు తమాషాగా అనిపించింది. అందరూ వొకే మనిషిని ఎక్కడో చూసి వచ్చినట్లున్నారు. బట్టతల, దానికి రెండు పక్కలా గాలికి లేచిన జుట్టు, దళసరి కళ్ళద్దాలు. కొందరికి గడ్డం. వెనకాల నల్లబల్ల, దానినిండా ఎవరికీ అర్థంకాని గుర్తులు. ముఖంలో నవ్వన్నది లేదు. నాలుగైదు బొమ్మల్లో చేతిలో కర్ర కూడా వుంది. వొక పిల్లవాడు తలకాయకి బదులు కాలిక్యులేటరు గీశాడు. ఇంకొకడు రింగురోడ్డు దగ్గర కనిపించే కాలేజీ ఫ్లెక్సీ గీశాడు: కోటు వేసుకున్న కుర్రవాడు, పక్కన పెద్ద అక్షరాల్లో మొదటి ర్యాంకు. ఆడవాళ్ళ బొమ్మలు మూడంటే మూడు.

ఆ మూడింట్లో వొకటి చూసి జాలేసింది. వొకావిడ బల్ల మీద గుడ్డని నాలుగు మడతలు వేసి కత్తెరతో కోస్తోంది. పక్కన కుట్టుమిషను. బల్ల అంచు పట్టుకుని వొక చిన్న పిల్ల నిలబడి వుంది. "పాపం, విషయం అర్థం కాలేదు. ఇదెవరో టైలరు" అనుకుని పక్కన పెట్టేశాను. మొదటి బహుమతి అందరికంటే చక్కని బట్టతలకి ఇచ్చాను.

సభ అయ్యాక మెట్ల దగ్గర ఎనిమిదో తరగతి పిల్ల నా కొంగు దగ్గరకొచ్చి నిలబడింది.

"మేడమ్, నా బొమ్మల తప్పేమున్నది?"

"తప్పేం లేదమ్మా. కానీ గణితశాస్త్రజ్ఞుడి బొమ్మ కదా అడిగింది? మీ అమ్మగారు కుట్టుపని చేస్తారు కదూ? అమ్మ మీద ప్రేమ కొద్దీ గీశావు, మంచిదే…"

"అమ్మ కాదు మేడమ్," అంది ఆ పిల్ల. ఇంకేదో చెప్పబోయింది. ఇంతలో ఆటో అబ్బాయి హారను కొట్టాడు, పరుగెత్తింది.

అమ్మ కాదట! మరి ఎవరు? ఇంటికొచ్చి అన్నం తింటున్నా అదే ఆలోచన.

పిల్లల బొమ్మల సంగతేమిటో చూద్దామని నాలుగు రోజులు చదివాను. మా నాచారం పిల్లలు వొంటరివాళ్ళు కాదని తేలింది. 1983లో డేవిడ్ వేడ్ ఛాంబర్స్ అనే ఆయన 4,807 మంది పిల్లలు గీసిన శాస్త్రజ్ఞుల బొమ్మల గురించి రాశాడు. అందులో స్త్రీల బొమ్మలు 28. ఆ 28 గీసినవాళ్ళూ ఆడపిల్లలే. మగపిల్లవాడు వొక్కడూ గియ్యలేదు. తరవాత సూసన్ పిక్కర్, జాన్ బెర్రీ అనే ఇద్దరు అమెరికా, ఇంగ్లండు, ఫిన్లండు, స్వీడన్, రుమేనియా దేశాల్లో పన్నెండు పదమూడేళ్ళ పిల్లల్ని ప్రత్యేకంగా గణితవేత్త బొమ్మే గియ్యమన్నారు. 2000లో అచ్చయిన ఆ పరిశోధనలోనూ అదే బట్టతల, అవే కళ్ళద్దాలు, పిల్లల్ని బెదిరించే అదే మాస్టారు. "గణితవేత్తని మీరు ఏ పనికి పెట్టుకుంటారు?" అని కూడా అడిగారట. చాలామందికి ఏం రాయాలో తోచలేదు. అంటే పిల్లలకి గణితవేత్త కనిపించడు. కనిపించని చోట భయాన్ని గీస్తారు. చీకటి గదిలో బూచివాణ్ణి ఊహించుకున్నట్లు.

నిజం మనుషుల్ని ఈ బొమ్మల పక్కన నిలబెట్టి చూడండి. రామానుజన్ గారు పుట్టింది 1887లో, పోయింది 1920లో. ముప్ఫయ్ రెండేళ్ళే బతికారు. ఫోటోలో నిండుగా నల్లటి జుట్టు, కళ్ళద్దాల్లేవు. ఫ్రాన్సులో గల్వా ఇరవయ్యేళ్ళకే పోయాడు. ఆ పుట్టినరోజు పండక్కి గీసిన బొమ్మల్లో కుర్రవాడు ఫ్లెక్సీలో ఆ ర్యాంకు అబ్బాయి వొక్కడే!

పోనీ పిల్లల కళ్ళకి ఆనేంత దూరంలో ఎవరూ లేరా అంటే, వున్నారు. హబ్సిగూడ నుంచి ఉప్పల్ వచ్చే రోడ్డు మీద 1961లో పెట్టిన ఎన్.జి.ఆర్.ఐ. వుంది. మెట్రో స్టేషనుకీ ఆ పేరే పెట్టారు. లోపల కూచున్నవాళ్ళు భూమిలోంచి వచ్చే ప్రకంపనల్ని అంకెలుగా మార్చి, కింద ఏముందో లెక్కకడతారు. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా వుంది. ఆ సర్వే శాఖలో 1831లో రాధానాథ్ సిక్‌దార్ అనే బెంగాలీ యువకుడు ఉద్యోగంలో చేరాడు. ఆయన ఉద్యోగం పేరు "కంప్యూటర్". ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే మిషను కాదు, లెక్కలు కట్టే మనిషి. హిమాలయాల్లో పదిహేనో నంబరు శిఖరం అన్నిటికంటే ఎత్తయిందని 1852లో తేల్చింది ఆయనే అంటారు. ఆ శిఖరానికి 1865లో మాజీ దొరగారి పేరు పెట్టారు, ఎవరెస్ట్ అని. మా ప్రాంతం పిల్లలు రోజూ ఆటోల్లో ఆ గేట్ల ముందునుంచే పోతారు. లోపల ఏం జరుగుతుందో చెప్పిన పెద్దవాళ్ళు ఎవరు? నేనూ చెప్పలేదు. నాకు ఆ గేటు బస్‌స్టాపు గుర్తు, అంతే.

అంతకంటే సిగ్గుచేటు సంగతి వొకటుంది. ప్రపంచంలోని గణితవేత్తలందరూ నాలుగేళ్ళకోసారి కలుసుకునే మహాసభలు 2010 ఆగస్టులో మన హైదరాబాదులోనే జరిగాయి. రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ గారొచ్చి నలుగురికి ఫీల్డ్స్ పతకాలు ఇచ్చారు. గణితంలో అంతకు మించిన గౌరవం లేదంటారు. ఆ నలుగురిలో సెడ్రిక్ విలానీ అనే ఫ్రెంచాయన మెడలో పెద్ద పట్టు టై, కోటుకి సాలీడు బ్రోచి పెట్టుకు తిరుగుతాడు, మన సినిమా హీరోలు చాలరు. అప్పుడు నాకు గుర్తున్నది వొక్కటే, విశ్వనాథన్ ఆనంద్ వచ్చి వొకేసారి దాదాపు నలభై మందితో చదరంగం ఆడాడని. పతకాల ఫోటో వున్న పేపరు నేను అలమర అరలో పరిచి మీద చీరలు పెట్టాను.

ఆ పతకం 1936లో మొదలైంది. హైదరాబాదు సభల దాకా అందుకున్న 52 మందీ మగవాళ్ళే. 2014లో ఇరాన్‌లో పుట్టిన మరియం మిర్జాఖానీ అనే ఆవిడకి మొదటిసారి వచ్చింది. 2022లో ఉక్రెయిన్ ఆవిడ మరీనా వియాజోవ్‌స్కాకి. అప్పటికి మొత్తం 64 మందిలో ఆడవాళ్ళు ఇద్దరు. మా స్కూలు పిల్లల బొమ్మల్లో మూడు వచ్చాయంటే వాళ్ళే నయం!

మిర్జాఖానీ గురించి చదువుతుంటే నా గుండె వొక్కసారి ఆగినట్లయింది. చిన్నప్పుడు ఆవిడ లెక్కలావిడ అవుదామనుకోలేదట. రచయిత్రి అవుదామనుకుందట! కనిపించిన నవలల్లా చదివేదట. పైగా ఆరో తరగతి ఈడులో లెక్కల్లో వెనకబడిందిట. ఈ పిల్లకి ఇది రాదని టీచరు అనుకోవడంతో తనకీ ఆసక్తి పోయిందిట. మరుసటి ఏడు ఇంకో టీచరు వచ్చి ధైర్యం చెబితే మళ్ళీ పుంజుకుంది. తాను నిదానంగా ఆలోచించే మనిషినని ఆవిడే చెప్పుకుంది. నేలమీద పెద్ద పెద్ద కాయితాలు పరిచి గీతలు గీస్తుంటే ఆవిడ చిన్నకూతురు "అమ్మ బొమ్మలేస్తోంది" అనేదట. 2017లో నలభయ్యేళ్ళకే పోయింది.

నిదానం అన్న మాట దగ్గర ఆగిపోయాను. మనకి లెక్కలంటే వేగం. 1980లో లండన్‌లో శకుంతలాదేవి రెండు పదమూడంకెల సంఖ్యల్ని 28 సెకన్లలో హెచ్చవేస్తే ప్రపంచం చప్పట్లు కొట్టింది, కొట్టాల్సిందే. మన కడప జిల్లా కల్లూరులో పుట్టిన లక్కోజు సంజీవరాయశర్మ గారు పుట్టంధులు. అక్క పైకి చదివే పాఠాలు విని నేర్చుకుని గణితావధానాలు చేశారు, వయొలిన్ వాయించారు. అద్భుతాలే. కానీ అద్భుతం చూసిన పిల్ల ఏమనుకుంటుంది? "అది నావల్ల కాదు" అనుకుంటుంది. మిర్జాఖానీ నెలల తరబడి వొకే ప్రశ్న దగ్గర కూచుందని చెబితే? "కూచోడం నావల్లా అవుతుంది" అనుకోవచ్చు.

రచయితలు వేరు, లెక్కలవాళ్ళు వేరు అన్న గోడ కూడా మనం ఈమధ్య కట్టుకున్నదే. పావులూరి మల్లన పదకొండో శతాబ్దంలో గణితశాస్త్రాన్ని తెలుగు పద్యాల్లో రాశాడు. భాస్కరాచార్యుల లీలావతి అచ్చంగా లెక్కల పుస్తకం. తెరిస్తే తుమ్మెదలు, తామరలు, హంసలు. లీలావతి ఆయన కూతురని వొక కథ. కథ ఎలా వున్నా, ఆ లెక్కలు చాలా చోట్ల వొక ఆడపిల్లని పిలిచి అడిగినట్టే వుంటాయి. తొమ్మిది వందల ఏళ్ళ కిందట ఆడపిల్లని ఎదురుగా కూచోబెట్టుకున్న లెక్క, మా కాలానికి "ఆడపిల్లవి, నీకెందుకమ్మా" అనేదాకా ఎలా వచ్చిందో!

ఆ మాట నాతో అన్నది నా చిన్నప్పటి లెక్కల మాస్టారు. ఆయన చేతి కర్ర నేను మరిచిపోలేదు. పదో తరగతిలో గట్టెక్కిన వెంటనే లెక్కల పుస్తకం పక్కింటివాళ్ళకిచ్చి బి.ఎ. దారి పట్టాను. ఇన్నాళ్ళూ తప్పంతా ఆ కర్రదే అనుకున్నాను.

ఇక ఆ పిల్ల బొమ్మ. మనసు పట్టక, స్కూలుకి వెళ్ళి మళ్ళీ అడిగి చూశాను. అప్పుడు కనిపించింది. బల్ల పక్కన నిలబడ్డ చిన్న పిల్ల తలమీద మబ్బులాగా గుండ్రంగా గీసి, అందులో పెన్సిలుతో సన్నగా రాసివుంది: "6 ఎందుకు?"

ఆ పిల్ల వాళ్ళమ్మ దుకాణం చిలకానగర్‌లో. మేనకోడలికి అంబ్రెల్లా లంగా కుట్టించే మిషతో గుడ్డ పట్టుకుని వెళ్ళాను. ఆవిడ గుడ్డని నాలుగు మడతలు వేసి, మూల దగ్గర టేపు పెట్టి, నడుము గీత గీస్తోంది.

"ఎంతకి గియ్యాలో ఎలా తెలుస్తుందమ్మా?" అన్నాను.

"నడుం కొలతల ఆరోవంతు తీస్కోవాలె. దాన్కి జర లోపలికి గీయాలె. మా ఉస్తాద్ అట్లనే చెప్పిండు. గంతే," అందావిడ, సుద్ద ఆపకుండా.

"ఆరే ఎందుకు?"

ఆవిడ నవ్వి, కూతురివైపు చూపించింది. "దీన్నడుగుండ్రి. నెలరోజులు నా పానం దీసింది."

ఆ పిల్ల నోట్‌బుక్కు తెచ్చింది. గుండ్రానికి చుట్టుకొలత ఎంతో స్కూల్లో చెప్పారు కదా, రెండుసార్లు ఇరవైరెండు బై ఏడు. అంటే ఆరు, ఇంకా పైన కొంచెం. ఉస్తాద్ ఆ పైన కొంచెం వదిలేసి ఆరు అన్నాడు. వదిలేసినందుకే "జర లోపలికి" అన్నాడు. ఇరవైరెండు అంగుళాల నడుముకి సరిగ్గా మూడున్నర అంగుళాలు రావాలి. ఆరోవంతు తీస్తే మూడూ రెండు బై మూడు వస్తుంది. అలాగే కోసేస్తే లంగా అంగుళం వదులవుతుంది.

"ఇంకోటి మేడమ్," అంది కళ్ళు మెరుస్తుంటే, "జర అంటే అందరికి ఒక్కటే జర కాదు. నలభైనాలుగు నడుముకు ఏడు రావాలె. ఆరోవంతు తీస్తే ఏడూ ఒకటి బై మూడు. నడుము డబుల్ అయితే జర గూడ డబుల్ అయితది. అమ్మకు చెప్పలే, అయినా అమ్మ చెయ్యి అట్లనే గీస్తది!"

నేను బొమ్మలో అమ్మని చూశాను. ఆ పిల్ల గీసింది తనని! "అమ్మ కాదు మేడమ్" అంటే అదీ అర్థం. గణితవేత్త బొమ్మ గియ్యమంటే, ఎందుకు అని అడిగిన మనిషిని గీసింది. అడిగినదానికి సరైన జవాబు అదొక్కటే. ఆ వొక్కదాన్నే నేను పక్కన పెట్టాను.

మావారు నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో వొక ఫ్యాక్టరీలో ఇరవయ్యేళ్ళుగా పనిచేస్తున్నారు. మనిషి కొంచెం తర్కం. "బావుంది. రేపు కూరగాయలమ్మిని కూడా గణితవేత్త అంటావు. బిరుదులు ఊరికే పంచితే వాటికి విలువేం వుంటుంది?" అన్నారు. ఆ మాటలో న్యాయం వుంది. ఆ తల్లి చేతిలో వున్నది గొప్ప పనితనం. దానికి ఇంకొకరి బిరుదు అరువు తెచ్చి తగిలించక్కర్లేదు, దాని గౌరవం దానికుంది. కూతురు చేసింది వేరు. తనకి తెలిసిన వొక్క లంగాతో తృప్తి పడక, అన్ని లంగాలకీ ఇదేనా అని అడిగింది. ఆ అడగడానికే గణితం అని పేరు.

పెద్దవాళ్ళకి బిరుదు చివర్లో ఇచ్చే బహుమానం. పిల్లలకి అది కాదు, మొదట్లో ఇచ్చే అనుమతి. నాకు ఏడేళ్ళప్పుడు, వొక్క కథ కూడా రాయకముందే, మా అమ్మమ్మ నన్ను "కథలమ్మా" అని పిలిచేది. ఆ పిలుపు వుండబట్టే రాశాను. "లెక్కలమ్మా" అని పిలిచిన అమ్మమ్మని ఎక్కడైనా చూశారా? సి.ఆర్. రావు గారు 1945లో పాతికేళ్ళకే ప్రపంచ గణాంకశాస్త్రంలో పేరు నిలబెట్టుకున్నారు, 2023లో 102 ఏళ్ళ వయసులో అంతర్జాతీయ బహుమతి అందుకున్నారు. ఆయన తన పుస్తకాన్ని తల్లి లక్ష్మీకాంతమ్మ గారికి అంకితమిచ్చారు. తెల్లవారుజామున నాలుగింటికి లేపి, చదువుకోమని నూనెదీపం వెలిగించి పెట్టేదని. ఆవిడ లెక్కలు చెప్పలేదు, దీపం పెట్టింది.

నేనేం చేశానో చెప్తాను, ఇన్ని మాటలూ దానికోసమే. మా అమ్మాయి ఏడో తరగతిలో వుండగా లెక్కల్లో తక్కువ మార్కులొచ్చాయని ఏడుస్తూ వచ్చింది. నేను దగ్గరకి తీసుకుని, కొంగుతో కళ్ళు తుడిచి, "పోనీలే తల్లీ, మనింట్లో ఎవరికీ రావు లెక్కలు. అమ్మకీ రావుగా" అన్నాను. పిల్ల ఏడుపు ఆపింది. ఎంత మంచి తల్లినో అని నాకే అనిపించింది. ఆ రోజునుంచి దానికి లెక్కల బెంగ పోయింది. లెక్కలూ పోయాయి. ఇప్పుడు ఇంటర్లో లెక్కల్లేని గ్రూపు చదువుతోంది.

మాస్టారు కర్రతో కొట్టి నన్ను బయటికి పంపారు. నేను ముద్దుపెట్టి మా అమ్మాయిని బయటికి పంపాను. ఇద్దరం మూసింది వొకే తలుపు. దెబ్బకి కనీసం మచ్చ మిగులుతుంది, ఎప్పుడైనా తడుముకుని కోపం తెచ్చుకోవచ్చు. ఓదార్పుకి మచ్చ కూడా వుండదు. ప్రేమతో చేసిన తప్పుని తప్పని ఎవరు చెబుతారు?

చిలకానగర్ దుకాణంలోంచి వస్తుంటే ఆ పిల్ల అడిగింది: "మేడమ్, మీకు నిజంగనే లెక్కలు రావా? స్టేజీ మీద చెప్పిన్రు గద."

నోటిదాకా వచ్చింది పాత మాట. మింగేశాను. "నేర్చుకోలేదమ్మా" అన్నాను.

రావు అంటే అది నా నుదుటి రాత. నేర్చుకోలేదు అంటే అది నేను చేసిన పని, కావాలంటే దిద్దుకోవచ్చు.

ఆ రాత్రి మా అమ్మాయికి అంతా చెప్పాను, నా ఓదార్పు సంగతితో సహా. మౌనంగా విని, "ఇప్పుడా అమ్మా చెప్పేది?" అంది. నిష్ఠూరమే, పడ్డాను. కాసేపయ్యాక టేపు తీసుకుని నా దగ్గరకొచ్చి కూచుంది. "సరే, ఆరు ఎందుకో చెప్పు చూద్దాం" అంది.

చెప్పాను. మొదటిసారి తప్పు వచ్చింది. రెండోసారి ఇద్దరం కలిసి చేస్తే కుదిరింది.